మా అయ్య గ్యాంగు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు. ముందు కోపం వచ్చేసేది, కారణం తర్వాత తీరిగ్గా వెతుక్కునేదాన్ని. పులుసులో ఉప్పు ఎక్కువైతే కోపం, తక్కువైతే కోపం, సరిగ్గా సరిపోతే నిన్న ఎందుకు సరిపోలేదని కోపం. మా అమ్మ నన్ను 'పటాసు' అనేది. పొగమంచు రోజుల్లో డ్రైవరుకి హెచ్చరికగా పట్టాల మీద పెట్టే పటాసులు మా అయ్య డబ్బాలో ఉండేవి. అది నిజంగా పేలే సరుకు, దాని జోలికి ఎవరూ పోకూడదు. నన్ను ఆ పేరుతో పిలవడంలో అమ్మ ఉద్దేశం కూడా అదే. ఇప్పుడు తల్చుకుంటే ఆ కోపాల్లో ముప్పాతిక ఎందుకొచ్చాయో గుర్తులేదు. ఒక్కటి మాత్రం బాగా గుర్తుంది, ఎందుకంటే అది ఒక మాట మీద వచ్చింది. మనిషి మీద కోపమొస్తే మాట్లాడడం మానేస్తాం. గిన్నె మీద వస్తే విసిరేస్తాం. మాట మీద వస్తే ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు. అందుకని చెయ్యకూడనిదే చేశాను.

మేం రాయపూర్‌లో మోవా లెవెల్‌క్రాసింగ్ గేటు పక్కన రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా అయ్య గ్యాంగ్ మేటు. రైలు పట్టాలు వాటంతటవే తిన్నగా ఉండవు. ఎండకి సాగుతాయి, వానకి కింద కంకర కుంగుతుంది, బళ్ల అదురుకి బోల్టులు వదులవుతాయి. వాటిని చూసుకోవడానికి మూడు నాలుగు మైళ్లకి ఒక జట్టు ఉంటుంది, పది పన్నెండు మంది. ఆ జట్టుని గ్యాంగు అంటారు, దాని పెద్దని మేటు అంటారు. మా అయ్య గ్యాంగుకి వచ్చింది విజయనగరం పోయే లైను. పార్వతీపురం దగ్గర పల్లె నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడికి ఆ లైనే దొరకడం తన అదృష్టమని ఆయన అనుకునేవాడు. 'నాను ఇక్కడ కంకర సరిగ్గా ఎయ్యకపోతే మనూరెల్లే బండి ఒరిగిపోద్ది' అని ఎవరొచ్చినా చెప్పేవాడు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని, సగానికి పైగా హిందీ కలిసిపోయి ఉండేది. మా అమ్మ పొద్దున్నే 'జల్దీ తినీసి ఇస్కూలుకెల్లు, ఛుట్టీ అవ్వగానే సీదా ఇంటికి రా' అనేది, అందులో తనకి తెలియని భాష ఏదీ ఉన్నట్టు ఆవిడకి తోచేది కాదు.

నేను చదివింది హిందీ బళ్లో, ఆడపిల్లల బడి. పదకొండో తరగతి అప్పట్లో అక్కడ బోర్డు పరీక్ష. పరీక్షకి కట్టే ఫారాల్లో పుట్టిన తేదీ, తండ్రి ఉద్యోగం ఆయన ఆఫీసు ఇచ్చిన కాగితంతో సరిపోవాలని ఆ ఏడు కొత్తగా నియమం పెట్టారు. మా క్లాసు టీచరు (ముక్కు చివర కళ్లజోడు వేలాడుతుండేది కాబట్టి మేం చష్మా బహన్‌జీ, అంటే కళ్లజోడు టీచరమ్మ, అనేవాళ్లం) నలభై మంది ఫారాలు ముందేసుకుని, ఒక్కొక్కరి పేరూ పిలిచి, రాసింది పైకి చదువుతూ సరిచూస్తోంది. బ్యాంకు, బట్టల దుకాణం, మునిసిపాలిటీ, బట్టల దుకాణం, ఇలా పోతోంది. నా వంతు వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. ఆవిడ 'తండ్రి ఉద్యోగం, గ్యాంగ్ మేట్' అని చదివింది, ఆగింది, కళ్లజోడు పైకి తోసుకుంది, మళ్లీ చదివింది. తర్వాత తలెత్తి, ఎంతో కుతూహలంగా అడిగింది.

"కౌన్‌సీ గ్యాంగ్? డాకువోం వాలీ?"

ఏ గ్యాంగు, డాకువులదా అని. డాకువులంటే బందిపోట్లు. రాయపూర్ అప్పట్లో మధ్యప్రదేశ్‌లో ఉండేది, చంబల్ లోయ కూడా ఆ రాష్ట్రంలోదే, పేపరు తెరిస్తే ఏదో ఒక గ్యాంగు లొంగిపోయిందనో, కాల్పులు జరిపిందనో ఉండేది. అందుకని ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. క్లాసంతా ఒక్కసారి నవ్వింది. నా పక్కనే కూచునే నా ప్రాణస్నేహితురాలు కూడా నవ్వింది. (తర్వాత తను నవ్వలేదనీ, దగ్గొచ్చిందనీ చెప్పింది. దగ్గొస్తే పళ్లు కనపడవు.) చష్మా బహన్‌జీ కూడా నవ్వి, పోనీలే కూచో అంది. నేను కూచోలేదు. రైల్వేలో గ్యాంగంటే అది కాదని చెబుదామని నోరు తెరిచాను. కోపమొస్తే నాకు ముందు తెలుగు వస్తుంది, అందులోనూ మా అమ్మ తెలుగు. 'నీ కల్లజోడు బద్దలైపోను' అన్నాను. అర్థం కాలేదు కాబట్టి బతికిపోయాను. అర్థం కాలేదు కాబట్టి ఇంకా నవ్వారు. ఆ పూటనుంచి నా పేరు గ్యాంగ్‌వాలీ. నేను వరండాలో వస్తుంటే రెండు చేతులూ పైకెత్తి గోడకి ఆనుకుని నిలబడేవారు. 'మా దగ్గరేం లేదమ్మా, వదిలెయ్' అనేవారు. వాళ్ల దగ్గరేం లేదన్నది మాత్రం నిజమే, ముఖ్యంగా బుర్రలో.

మర్నాడు మధ్యాహ్నం నేను బడి లైబ్రరీకి వెళ్లాను. లైబ్రరీ అంటే స్టాఫ్‌రూం పక్క వరండాలో ఒక బీరువా. అందులో అట్ట ఊడిన ఇంగ్లీషు-హిందీ డిక్షనరీ ఒకటుండేది. దాన్ని తెచ్చి అందరికీ చూపించి నోళ్లు మూయించాలని నా ఆలోచన. పేజీ తీశాను. గ్యాంగ్ అన్న మాటకి ఎదురుగా ఒక్కటే అర్థం ఉంది, 'బద్మాషోం కా గిరోహ్'. దుర్మార్గుల ముఠా. అంతే. మా అయ్య లేడు, ఆయన పన్నెండుమందీ లేరు, కంకర లేదు, ఎండ లేదు, ఏమీ లేదు. ఆ క్షణంలో నాకొచ్చిన కోపం అంతకు ముందెప్పుడూ రాలేదు, తర్వాత కూడా అంత స్వచ్ఛంగా రాలేదు. చష్మా బహన్‌జీ ఒక మనిషి, పొరపాటు పడుతుంది. పుస్తకం పొరపాటు పడడమేమిటి. పనిగట్టుకుని అచ్చేసి, ఊరూరా పంచి, ఏ బడి బీరువాలో చూసినా మా అయ్యని బందిపోటు అంటోంది. నేను సిరాపెన్ను తీసి ఆ అర్థాన్ని కొట్టేశాను. పక్కన ఖాళీలో హిందీలో రాశాను. 'ఇది అబద్ధం. గ్యాంగ్ అంటే రైలు పట్టాలు బాగుచేసేవాళ్ల జట్టు.' రాసి ఊరుకుంటే ఎవరో తెలిసేది కాదు. సంతకం లేని కాగితం చెల్లదని మా అయ్య ఎప్పుడూ అనేవాడు. అందుకని కింద నా రోల్ నంబరు, తరగతి, తేదీ వేసి సంతకం పెట్టాను. నా పెన్ను కక్కడంలో నాకన్నా ఘనమైనది. సిరా అవతలి పేజీకి దిగిపోయి, అక్కడ గార్డెన్, గార్లండ్, గార్లిక్ మాటల ఎదురుగా ఉన్న తోట, పూలదండ, వెల్లుల్లి కూడా మునిగిపోయాయి.

నేరస్థురాలిని పట్టుకోవడానికి వాళ్లు పెద్ద శ్రమ పడలేదు. మూడో రోజు పొద్దున్న పెద్ద టీచరు పిలిపించింది. ఆవిణ్ణి అందరూ బడీ బహన్‌జీ అనేవాళ్లు. మరాఠీ ఆవిడ, తెల్ల చీర, గొంతు ఎప్పుడూ పైకెత్తదు, అదే ఎక్కువ భయం. డిక్షనరీ తెరిచి బల్ల మీద పెట్టింది. సంతకం నీదేనా అని అడిగింది. నాదే అన్నాను. ఎందుకు చేశావంటే, పుస్తకం తప్పు కాబట్టి అన్నాను. ప్రభుత్వం ఇచ్చిన పుస్తకాన్ని పదహారేళ్ల పిల్ల కొట్టిపారేస్తే రేపు ప్రశ్నపత్రం తప్పంటుంది, ఎల్లుండి బడే తప్పంటుంది అని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ఫారాలు పంపడానికి ఇంక రెండే రోజుల గడువుంది. రేపటికల్లా తండ్రిని తీసుకొస్తే సరి, లేకపోతే నీ ఫారం పంపను, వచ్చే ఏడు పరీక్ష రాసుకో అంది. కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. ఆడపిల్లకి పదకొండో తరగతి చాలునని మా బంధువులందరూ అప్పటికే తీర్మానించేసి ఉన్నారు. ఒక ఏడు ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టనివ్వరు.

అయ్యకి చెప్పే ధైర్యం లేక ఆ సాయంత్రం నేను నర్సు పిన్ని దగ్గరికి వెళ్లాను. ఆవిడ మా చుట్టమేమీ కాదు. గుంటూరు వైపు క్రైస్తవులు, రైల్వే ఆసుపత్రిలో నర్సు, మా వరసలోనే చివరి క్వార్టరు. వాళ్ల నాన్నగారు మిషన్ బళ్లో మాస్టారుగా చేసేవారట, ఆయనదే ఒక ఇంగ్లీషు డిక్షనరీ, ఇటుకంత మందం, ఆవిడ దగ్గర బైబిలు పక్కన ఉండేది. నా కథంతా విని ఆవిడ తిట్టలేదు, జాలిపడలేదు. చేతులు కడుక్కుని వచ్చి పుస్తకం దించింది. వేలు పెట్టి ఒక్కొక్క వరసే చదివి, తెలుగులో చెప్పింది. ఆ మాట చాలా పాతదట. మొట్టమొదట దానికి అర్థం నడక. ఊరికే నడక, ప్రయాణం. తర్వాత కలిసి వెళ్లేవాళ్లు, కలిసి ఉండే వస్తువులు. ఆ తర్వాత ఒక మేస్త్రీ కింద పనిచేసే మనుషుల జట్టు. అన్నిటికన్నా ఆఖర్న దొంగల ముఠా.

"వరస చూశావుటే," అంది నర్సు పిన్ని. "దొంగలు అందరికన్నా వెనక వచ్చారు. వచ్చి, పనివాళ్ల మాట ఎత్తుకుపోయారు. ఎత్తుకుపోవడమే కదా వాళ్ల పని."

మన తెలుగులో మాత్రం ఏమైందని ఆవిడే మళ్లీ చెప్పుకొచ్చింది. వాళ్ల మామయ్య గుంటూరు మార్కెట్టులో మిరపకాయల బస్తాలు మోసే ముఠాలో పనిచేసేవాడట. ముఠా అంటే వాళ్ల చిన్నప్పుడు బస్తాలు మోసేవాళ్ల జట్టే, ముఠాలో చోటు దొరికిందంటే ఇంట్లో పొయ్యి వెలుగుతుందని అర్థం. ఇప్పుడు పేపర్లో ముఠా అని ఉంటే కింద పోలీసు స్టేషను ఉంటుంది. బరువులు మోసేవాడి మాటలన్నిటికీ ఇదే గతి పడుతుందేమో అని ఆవిడ తనలో తను అనుకుంది. నేను ఆ ఇంగ్లీషు వరసలన్నీ నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. లేస్తుంటే ఆవిడ, "అవునే, ఇంతకుముందు ఫారాల్లో మరి ఏం రాసేదానివి" అని అడిగింది. నాకు ఉన్నట్టుండి చీకటి పడుతోందని గుర్తొచ్చి వచ్చేశాను. (ఈ ప్రశ్నకి జవాబు కాసేపట్లో వస్తుంది. నా అంతట నేను చెప్పింది కాదు.)

ఇంటికొచ్చి అయ్యతో, రేపు బళ్లోకి రమ్మన్నారని మాత్రం చెప్పాను. ఎందుకో చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. ఆఫీసు కాగితంలో ఏదో పొరపాటు పడుంటుందనుకున్నట్టున్నాడు. రేపు మోవా గేటు దగ్గరే పని, తిండివేళకి వచ్చేస్తానన్నాడు. ఒక్కడూ వచ్చి ఉంటే ఈ కథ ఇంతదాకా గుర్తుండేది కాదు.

మర్నాడు మధ్యాహ్నం హిందీ పాఠం జరుగుతోంది. మా బడి చౌకీదారు ముసలాయన, పరుగెత్తడం మేమెప్పుడూ చూడలేదు. ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి, వరండాలో నిలబడి, ఊపిరి అందక, "గ్యాంగ్ ఆయీ హై" అన్నాడు. గ్యాంగు వచ్చిందట. ఏ గ్యాంగ్ అని ఎవరూ అడగలేదు. క్లాసు క్లాసంతా కిటికీల మీద పడింది. ఇనుప గేటుకి తాళం వేసి ఉంది. అవతల రోడ్డు మీద పన్నెండుమంది మగవాళ్లు. ఖాకీ చొక్కాలు, తలకి తువ్వాళ్లు, మొహాల నిండా దుమ్ము, భుజాల మీద గునపాలు, సుత్తులు, కంకర పొడిచే బీటర్లు. ముందు మా అయ్య, చంకలో ఎర్రజెండా, పచ్చజెండా చుట్టి. పక్క క్లాసులో ఎవరో పిల్ల ఏడుపు మొదలెట్టింది. మాకు పాఠం చెబుతున్న చష్మా బహన్‌జీ తలుపు దగ్గరికి వెళ్లి గడియ పెట్టింది. మూడు రోజుల క్రితం ఏ గ్యాంగు అని అడిగి నవ్విన మనిషి ఆవిడే. నేనెంత కోపంలో ఉన్నా కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. దాన్ని ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటే రక్తం వచ్చింది.

జరిగింది ఇదీ. తిండివేళ అయింది. మేటు బళ్లోకి వెళ్తున్నాడని తెలిసి కీమేన్ (రోజూ పొద్దున్నే లైను చివరిదాకా నడిచి బోల్టులు చూసేవాడు, అయ్యకి కుడిభుజం) మేటు ఒక్కడూ వెళ్తే చదువుకున్నవాళ్లు ఏదో ఒకటి అంటారు, మనమూ వెళ్దామన్నాడు. సామాను లైను పక్కన వదిలితే ఇనుము దొంగలు పట్టుకుపోతారు. అందుకని మోసుకొచ్చారు. అంతే. గేటు ఎందుకు మూశారో వాళ్లకి అర్థం కాలేదు. మూసినందుకు ఏమీ అనుకోలేదు కూడా. అడ్డం పడిన గేటు ముందు ఓపిగ్గా నిలబడడం రైల్వేలో ఎవరికీ కొత్త కాదు. ఆఖరికి బడీ బహన్‌జీ స్వయంగా వెళ్లి, ఇనుపచువ్వల ఇవతలనుంచి ఎవరు మీరని అడిగింది. మా అయ్య జెండాలు కీమేన్‌కిచ్చి, చేతులు జోడించి, నా పేరు చెప్పి, ఆ పిల్ల తండ్రినన్నాడు. మిగిలినవాళ్లో అని ఆవిడ అడిగింది. మా అయ్య వెనక్కి తిరిగి చూసి, ఇంకెలా చెప్పాలో తెలియక, "ఏ హమారా గ్యాంగ్ హై" అన్నాడు, ఇది మా గ్యాంగని.

ఆయన్ని లోపలికి పంపి, గ్యాంగుని బయటే కూచోమన్నారు. వాళ్లు గోడ నీడన వరసగా కూచుని గిన్నెలు విప్పుకున్నారు. అందులో సగం మంది మన శ్రీకాకుళం వైపువాళ్లు, సగం మంది ఛత్తీస్‌గఢీ వాళ్లు. మనవాళ్లు చద్దన్నం అంటారు, వాళ్లు బాసీ అంటారు, నంజుకునే ఉల్లిపాయ ఇద్దరికీ ఒకటే. కిటికీల్లో పిల్లలు కాసేపు చూసి, బందిపోట్లు పచ్చిమిరపకాయ కొరుక్కుని అన్నం తింటుంటే చూసేదేముందని విసుగుపుట్టి వెళ్లిపోయారు.

గదిలో బడీ బహన్‌జీ, చష్మా బహన్‌జీ, మా అయ్య, నేను. కుర్చీ చూపించినా అయ్య కూచోలేదు. చొక్కా మురికిగా ఉందన్నాడు. ఆవిడ డిక్షనరీ ముందుకు తోసి, మీ అమ్మాయి చేసిన పని ఇదీ అని చెప్పింది. అయ్యకి హిందీ మాట్లాడ్డం వచ్చు గాని చదవడం అంతంతమాత్రం. కొట్టేసిన చోట వేలు పెట్టి, ఏటది అని నన్ను అడిగాడు. నేను మొదట పుస్తకంలో ఉన్నది చెప్పాను, తర్వాత నేను రాసింది చెప్పాను. ఆయన చేతులు కట్టుకున్నాడు. ఆ ఊరుకోవడం నాకు నచ్చలేదు. బల్ల గుద్ది అడగాలి కదా, నన్నంటారా, నా గ్యాంగునంటారా అని. చేతులు కట్టుకుని నిలబడతాడేమిటి. వాళ్ల మీద కోపం చాలక ఆయన మీద కూడా వచ్చింది. నోటుపుస్తకం తీసి నర్సు పిన్ని డిక్షనరీలో వరసలన్నీ గడగడా చదివేశాను. మొదట నడక, తర్వాత కలిసి నడిచేవాళ్లు, తర్వాత పనివాళ్లు, ఆఖర్న దొంగలు. 'దొంగలు మా మాట ఎత్తుకుపోతే, మీరు దొంగల పక్షాన ఉన్నారు' అని నా సొంతం ఒకటి కలిపాను. బడీ బహన్‌జీ ఆ నోటుపుస్తకం తీసుకుని చాలాసేపు చదివింది. తర్వాత నేను ఎదురుచూడని పని చేసింది. బీరువా తెరిచి నా పాత కాగితాలు తీసింది.

"నీకు ఆ మాట మీద ఇంత గౌరవం ఉంటే, తొమ్మిదో తరగతిలో చేరినప్పుడు తండ్రి ఉద్యోగం 'రైల్వే అధికారి' అని ఎందుకు రాశావు?"

ఇదీ నర్సు పిన్ని ప్రశ్నకి జవాబు. మీకు ముందే చెప్పవలసింది. చెప్పలేకపోయాను, ఇన్నేళ్ల తర్వాత కూడా అక్కడికొచ్చేసరికి పక్కకి తప్పుకోబుద్ధేస్తుంది. తొమ్మిదిలో ఆ బళ్లో కొత్తగా చేరినప్పుడు నా ముందు నిలబడ్డ పిల్ల తండ్రి ఇంజినీరు. నేను అధికారి అని రాశాను. పదిలోనూ అదే రాశాను. నా ప్రాణస్నేహితురాలికి, మా అయ్యకి జీపు ఉందని కూడా చెప్పాను. (అది అబద్ధం కాదు, ట్రాలీ ఉంది. నలుగురు తోస్తే పోతుంది.) ఆఫీసు కాగితంతో సరిపోవాలన్న నియమం రాకపోతే పదకొండులోనూ అదే రాసి ఉండేదాన్ని. క్లాసులో వాళ్లు నవ్వినప్పుడు నాకంత మంట ఎందుకు పుట్టిందో ఆ గదిలో అర్థమైంది. వాళ్లు పైకి నవ్విన నవ్వు నేను రెండేళ్లుగా లోపల దాచుకున్నదే.

బడీ బహన్‌జీ అడిగింది అయ్యకి అర్థమైంది. హిందీలో అధికారి అన్నా తెలుగులో అధికారి అన్నా ఒకటే కదా. ఆయన నా వైపు చూడలేదు. గోడ మీద క్యాలెండరు వైపు చూసి, తన పద్ధతి హిందీలో అన్నాడు.

"ఓ హమ్ బోలా థా లిఖ్‌నే కో."

తనే అలా రాయమన్నాడట. అప్పుడు ప్రమోషను వస్తుందనుకున్నాడట, రాలేదట, తప్పు తనదేనట, పిల్ల చెప్పింది రాసిందట. నేను పుట్టాక ఆయన నోటివెంట అబద్ధం విన్నది అదే మొదలు. ఎంత నాసిరకం అబద్ధమంటే, గ్యాంగ్ మేటుకి ఎన్ని ప్రమోషన్లొచ్చినా అధికారి కాడని గదిలో అందరికీ తెలుసు. బడీ బహన్‌జీకి ఇంకా బాగా తెలుసనుకుంటాను. ఆవిడ అయ్య మొహం చూసి, నా మొహం చూసి, పాత కాగితాలు బీరువాలో పెట్టేసింది. శిక్ష ఏమిటంటే, పాడైన రెండు పేజీలూ నేను తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, డిక్షనరీలో అతికించాలి. తోట, పూలదండ, వెల్లుల్లితో సహా. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం అర్థాలు ఏ వరసలో రాయమంటారని నేను అడిగాను. అడిగినప్పుడు గొంతులో ఇంకా పొగరుందని చష్మా బహన్‌జీ అంది. బడీ బహన్‌జీ నోటుపుస్తకం నాకు తిరిగిచ్చి, "ఇందులో ఉన్న వరసలోనే" అంది. ఫారం మర్నాడు వెళ్లిపోయింది. చష్మా బహన్‌జీ నాకు గాని అయ్యకి గాని క్షమాపణ చెప్పలేదు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు పళ్లు పటపటమంటాయి.

బయటికొచ్చాక గ్యాంగు లేచి సామాను భుజాలకెత్తుకుంది. కీమేన్ ఏటయిందని అడిగితే, ఏటీ లేదు, పిల్ల రాత బాగుందని పిలిచారన్నాడు మా అయ్య. ఒక గంటలో రెండో అబద్ధం. ఇది కాస్త నయంగానే వచ్చింది. ఆ పూటకి ఇంటికెళ్లమని బళ్లో నన్ను పంపేశారు కాబట్టి మోవా గేటు దాకా వాళ్లతోనే నడిచాను. అయ్య తిడితే బాగుండునని దారంతా ఎదురుచూశాను. చెంప మీద ఒక్కటిస్తే ఇంకా బాగుండును, తిరిగి కోపం తెచ్చుకోవడానికి వీలుగా ఉంటుంది. ఆయన గ్యాంగుని కాస్త ముందు పోనిచ్చి అడిగాడు.

"అధికారంటే ఏ అధికారనుకుని రాసినావే? మా లైను ఇన్‌స్పెక్టరునా?"

తెలిసిన అధికారి ఆయనొక్కడే కాబట్టి, అవునని తలూపాను. ఆ ఇన్‌స్పెక్టరు ట్రాలీ మీద గొడుగేసుకుని వచ్చేవాడు, దిగకుండానే తిట్టి పోయేవాడు. అయ్య ఆగిపోయాడు. ఆ రోజు మొత్తంలో ఆయన మొహంలో కోపం కనపడింది అప్పుడే.

"ఆడొట్టి ఎదవ. పట్టా కుంగిందో లేచిందో కల్లతో సూసి సెప్పలేడు. ఇంకెప్పుడూ ఆడి ఉజ్జోగం నాకెట్టకు."

వంగి దారిలో పడి ఉన్న ఒక కంకరరాయి తీసి పట్టాల వైపు విసిరి, తన గ్యాంగుని కలుసుకోవడానికి గబగబా వెళ్లిపోయాడు. నేను గేటు దగ్గర నిలబడిపోయాను. పన్నెండుమంది వంగి, గునపాలు పట్టా కిందికి దూర్చారు. మా అయ్య ఒక పట్టా మీద చెంప ఆనించి, ఒక కన్ను మూసి, దూరంగా చూసి, చెయ్యెత్తాడు. ఆయన పాట అందుకుంటే అందరూ ఒక్క గొంతుతో వంతపాడి పట్టాని జానెడు పక్కకి జరిపారు. రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం ఎండలో ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. దారినపోయే సైకిలాయన, రైలు తప్పిపోయిందా బేటీ అని అడిగితే ఆయన్ని కూడా కసిరాను.

నేను పాసయ్యాను, ఆ తర్వాత ఇంకా చదివాను, చాలా ఏళ్లు హిందీ బళ్లోనే పంతులమ్మగా పనిచేశాను. అయ్య మేటుగానే రిటైరయ్యాడు. ఇప్పుడు ఆయన లేడు. నేను దేవేంద్ర నగర్‌లో ఉంటున్నాను, మోవా గేటున్న చోట వంతెన వచ్చేసింది. ఈమధ్య ఎవరో చెప్పారు, రైల్వేవాళ్లు ఆ మాట తీసేశారని, గ్యాంగ్‌మేన్ అనడం బాగాలేదని కాగితాల్లో ఏదో కొత్త పేరు పెట్టారని. విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. దొంగలు తిని వదిలేసిన మాటని రైల్వేవాళ్లు తుడిచి పారేస్తారా, ఎవరినడిగి తీసేశారు. మర్నాడు పొద్దున్నే గొడుగు పట్టుకుని వంతెన కిందికి నడిచాను. అక్కడ లైను మీద ఏడెనిమిదిమంది పనిచేస్తున్నారు, కుర్రాళ్లు, నారింజరంగు చొక్కాలు. నేను కంకర మీద తూలుకుంటూ వెళ్లి, ఇప్పుడు మిమ్మల్ని ఏమంటారని గట్టిగా అడిగాను. దారి తప్పిన పెద్దావిడ అనుకున్నట్టున్నారు. ఒకడు చెయ్యి పట్టుకుని పట్టా దాటించి, నీడలోకి తెచ్చి, ఎంతో మర్యాదగా చెప్పాడు.

"గ్యాంగ్ హై మాతాజీ. ఔర్ క్యా బోలేంగే."

గ్యాంగే, ఇంకేమంటారట. కాగితం మీద ఏముంటుందో అతనికి తెలుసు. నేనడిగితే అదేదో చదివి చెప్పినట్టు చెప్పాడు, మళ్లీ పనిలోకి వెళ్లిపోయాడు. రాత్రంతా కూచుని సిద్ధం చేసుకున్న తిట్లు, మూడు భాషల్లో, ఎవరికీ ఇవ్వడానికి లేక అలాగే మిగిలిపోయాయి. గొడుగు తెరుచుకుని వెనక్కి తిరిగాను. కోపం తెచ్చుకోవడానికని పనిగట్టుకుని ఇంత దూరం నడిచి, అది దొరక్క ఖాళీ చేతులతో ఇంటికి పోతున్న ముసలిదాన్ని తలుచుకుంటే, ఆ రోజు బడి కిటికీ దగ్గర పదహారేళ్ల పిల్లకి వచ్చినట్టే నాకూ కడుపులోంచి నవ్వొచ్చింది. ఈసారి పెదవి కొరుక్కోవలసిన అవసరం లేకపోయింది.